వెనక ఖాళీ ఉన్న మేక

ప్రొద్దుటూరులో మా చెల్లెలి ఇంటికి ఎప్పుడు పోయినా మేనల్లుడు కంప్యూటర్ ముందరే కనపడతాడు. ఇంటర్ చదివే పిల్లోడు. వాడు ఆడే ఆట పేరు ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’. 1999లో వచ్చిన రెండో భాగం. పాతకాలపు రాజ్యాలు, కోటలు, గుర్రాలు, ఏనుగులు అన్నీ అందులో ఉంటాయి. ఊరు కట్టాలి, పంట పండించాలి, కట్టెలు కొట్టాలి, సైన్యం పెంచాలి, పక్క రాజ్యంతో యుద్ధం చేయాలి. మొదట్లో మేము కూడా అందరు పెద్దవాళ్ల మాదిరే కోప్పడ్డాం. “పరీక్షలు పెట్టుకోని ఇదేందిరా?” అన్నాం. వాడు తల తిప్పకుండానే, “మామా, ఒక్క పూట కూర్చోని చూడు. ఇది కూడా లెక్కలే” అన్నాడు.

కూర్చున్నాం. వాడు చెప్పింది నిజమే. అందులో ప్రతి సైనికునికీ కొన్ని అంకెలు ఉంటాయి. ఎన్ని దెబ్బలు తట్టుకుంటాడనేది ఒక అంకె, దాన్ని ప్రాణం అనుకుందాం. ఒక దెబ్బకు ఎంత నష్టం చేస్తాడనేది ఇంకొకటి, అది దాడి. మీద పడిన దెబ్బలో ఎంత తగ్గుతుందనేది కవచం. ఎంత దూరం కొట్టగలడు, ఎంత వేగంగా నడుస్తాడు, తయారు చేయడానికి ఎంత ఖర్చు అవుతుంది అనేవి మిగిలినవి. ఇవి చూసుకోకుండా యుద్ధానికి పోయినవాడు ఎంత పెద్ద సైన్యం ఉన్నా ఓడిపోతాడని మేనల్లుడు చెప్పాడు.

వాడు చెప్పిన ఒక లెక్కను మేము నోటు పుస్తకంలో రాసుకొచ్చాం. ఆ ఆటలో నైట్ అని ఒక గుర్రపు యోధుడు ఉంటాడు. ప్రాణం 100, దాడి 10, కవచం 2. ఖర్చు 60 పాళ్ల తిండి, 75 పాళ్ల బంగారం. ఈటె పట్టుకున్న కాలిబంటు ఇంకొకడు. ప్రాణం 45, దాడి 3, కవచం సున్నా. ఖర్చు 35 తిండి, 25 కట్టెలు. ఈ అంకెలు మాత్రమే చూస్తే ఈటెగాడు దేనికీ పనికిరాడు. కానీ గుర్రం మీద ఉన్నవాణ్ణి కొట్టేటప్పుడు ఈటెగాడికి 15 అదనంగా కలుస్తుంది. 3లో నుంచి కవచం 2 పోతే 1, దానికి 15 కలిపితే 16. నైట్ ప్రాణం 100 కాబట్టి ఏడు దెబ్బలకు పడతాడు. ఈటెగాడు మాత్రం నైట్ కొట్టే ఐదు దెబ్బలకే పడతాడు. పైగా నైట్ చేయి వేగంగా ఆడుతుంది. ఒకరికి ఒకరుగా నిలబడితే నైటే గెలుస్తాడు.

“అయితే ఖర్చు చూడు మామా” అన్నాడు వాడు. నైట్‌కు మొత్తం 135 పాళ్లు. ఇద్దరు ఈటెగాళ్లకు 120. ఇద్దరూ ఒకేసారి మీద పడితే ఒకడు చనిపోతాడు, రెండోవాడు నిలబడతాడు, నైట్ పడిపోతాడు. తక్కువ ఖర్చుతో, బంగారం ఒక్క పాలు కూడా వాడకుండా గెలుపు. బంగారం అంగళ్ల ఊరు ప్రొద్దుటూరులో పుట్టిన పిల్లోడికి బంగారం ఆదా చేయడం అంటే ఏమిటో మనం చెప్పనక్కర్లేదు. ఆ ఈటెగాళ్ల మీదికే విలుకాళ్లను పంపితే, వాళ్లు దగ్గరికి వచ్చే లోపలే పడిపోతారు. విలుకాళ్ల మీదికి బల్లెం విసిరేవాళ్లను పంపితే విలుకాళ్లు పడిపోతారు. ఎవడూ అందరికంటే బలవంతుడు కాడు. ఎవడు ఎవడి ఎదుట నిలబడ్డాడు, పక్కన ఎవడున్నాడు అనేదాన్ని బట్టే గెలుపు.

ఈ లెక్కను మేము జమ్మలమడుగు దగ్గర మేము పనిచేసే బడిలో ఏడో తరగతికి తీసుకుపోయాం. తీసివేత, కూడిక, భాగహారం, నిష్పత్తి అన్నీ అందులో ఉన్నాయి. పాఠ్యపుస్తకంలో తొట్టి నింపే లెక్క ఇస్తే కిటికీలోంచి బయటికి చూసే పిల్లలు, నైట్ ఎన్ని దెబ్బలకు పడతాడో తేల్చడానికి బెంచీలు దాటి వచ్చారు. 100ను 16తో భాగిస్తే 6.25 వస్తుంది కదా, మరి ఏడు ఎందుకు అని ఒక పాప అడిగింది. పావు దెబ్బ ఎవరూ కొట్టలేరు కాబట్టి అని వెనక బెంచీ నుంచి ఒక పిల్లోడు జవాబు చెప్పాడు. అంతకు ముందు ఆ పిల్లోడు తరగతిలో నోరు తెరిచి మాట్లాడింది మాకు గుర్తు లేదు. మా ఎరుకల వీధి నుంచి వచ్చే పిల్లోడే. వాని గురించి కింద రాస్తాం.

ఇట్లా బలాలను అంకెలుగా చూడడం కంప్యూటర్‌తో వచ్చిన పద్ధతి కాదు. రథాలు, ఏనుగులు, గుర్రాలు, కాలిబంట్లు అనే చతురంగ బలాలు మన పురాణాల్లోనే ఉన్నాయి. మహాభారతం లెక్కలో అన్నిటికంటే చిన్న దళాన్ని పత్తి అంటారు. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, ఐదుగురు కాలిబంట్లు. దాన్ని మూడు రెట్లు చేస్తే సేనాముఖం, దాన్ని మూడు రెట్లు చేస్తే గుల్మం. అట్లా గణం, వాహిని, పృతన, చము, అనీకిని దాకా ఏడు సార్లు మూడు రెట్లు చేసి, చివర పది రెట్లు చేస్తే అక్షౌహిణి. 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 కాలిబంట్లు. ఘాతాంకాలు చెప్పే రోజున దీన్ని బోర్డు మీద వేయించండి. మూడు యొక్క ఏడో ఘాతం 2,187 అని పిల్లలే కనుక్కుంటారు.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఇంకొంచెం దగ్గరి లెక్క ఉంది. ఒక గుర్రానికి ఎదురుగా ముగ్గురు మనుషులు, ఒక ఏనుగుకు ఎదురుగా పదిహేను మంది మనుషులు గానీ ఐదు గుర్రాలు గానీ నిలబడాలని అందులో చెప్పారు. మేనల్లుడు రెండు ఈటెలకు ఒక నైట్ అని వేసిన లెక్క, రెండు వేల ఏళ్ల నాటి ఈ లెక్క ఒక జాతివే. పదిహేను అనే అంకె చూడగానే మాకు మాత్రం ఏనుగు గుర్తుకు రాలేదు. మా జేజి గుర్తుకొచ్చింది.

మా జేజిది పులివెందుల పక్క. వెదురు దబ్బలు చీల్చి గంపలు, చాటలు అల్లేది. ఎండ ఎక్కి చేతులు ఆగిన వేళ నేల మీద బొగ్గుతో గీతలు గీసి, మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకునేది. మూడు చింతగింజలు పులులు, పదిహేను గులకరాళ్లు మేకలు. “పులి పేరున్న ఊర్లో పుట్టినాం. మేక ఎట్ల బతుకుతాదో తెలుసుకోవాల గదా” అని నవ్వేది. ఆ ఆటనే కొందరు పులి జూదం అంటారు. దక్షిణాదిలో పాత గుళ్ల మండపాల్లో, బండల మీద ఈ గీతలు చెక్కి ఉండడం మీలో చాలామంది చూసే ఉంటారు. కాపలా కాసినవాళ్లు, గొర్రెలు తోలినవాళ్లు, తిరునాళ్లకు వచ్చినవాళ్లు ఆడుకున్న ఆట.

తెలియని పిల్లల కోసం గీత ఎట్లా వేయాలో చెబుతాం. పైన ఒక చుక్క పెట్టండి. అది కొండ శిఖరం. దాని నుంచి కిందికి నాలుగు గీతలు విడదీసి గీయండి. వాటిని కోస్తూ అడ్డంగా నాలుగు గీతలు గీయండి. అడుగు గీత నాలుగు గీతల మధ్యనే ఆగిపోవాలి. పై మూడు అడ్డగీతలు రెండు పక్కలా బయటికి రావాలి. ఆ బయటి కొసలను రెండు పక్కలా నిలువు గీతతో కలపండి. ఇప్పుడు లెక్కపెట్టండి. శిఖరం 1, పై మూడు అడ్డగీతల మీద ఆరేసి చొప్పున 18, అడుగున 4. మొత్తం 23 స్థానాలు.

మూడు పులులను శిఖరం దగ్గర పెడతారు. మేకలు ఆడేవాడు ఒక్కో మేకను ఖాళీ స్థానంలో పెడతాడు, వెంటనే పులి ఒక అడుగు కదులుతుంది. పదిహేను మేకలూ పెట్టేదాకా ఏ మేకా కదలకూడదు. పులి పక్కన మేక ఉండి, అదే గీత మీద ఆ మేక వెనక స్థానం ఖాళీగా ఉంటే, పులి దాని మీదుగా దూకి మేకను తినేస్తుంది. మేకకు తినే శక్తి లేదు. పులికి చావు లేదు. మూడు పులులకూ కదలడానికి దారి లేకుండా చుట్టుముట్టితే మేకలు గెలిచినట్టు.

మేనల్లుని భాషలో చెప్పాలంటే మేక దాడి సున్నా, కవచం సున్నా, ఒక్క దెబ్బకు చస్తుంది. పులికి ప్రాణం లెక్కే లేదు. ఇంత అన్యాయమైన అంకెలతో ఆడే ఆట ఇంకొకటి ఉండదేమో. అయినా నేర్చినవాడు మేకలతో గెలుస్తాడు. ఎట్లాగో జేజి చెప్పిన పాఠాలు నాలుగున్నాయి.

మొదటిది, కొసలు పట్టుకోవడం. గీత కొసలో ఉన్న మేక వెనక స్థానమే లేదు కాబట్టి పులి దాని మీదుగా దూకలేదు. అడుగు గీత రెండు కొసలు, పక్క నిలువు గీతల నాలుగు కొసలు, శిఖరం కలిపి ఏడు స్థానాలు అట్లాంటివి. శిఖరం పులుల దగ్గరే ఉంటుంది కాబట్టి మిగిలిన ఆరింటినీ ముందు పట్టుకోవాలి. రెండోది, మేక పక్కన మేకను పెట్టేటప్పుడు పులి ఏ పక్క నుంచి వస్తుందో చూసి, దానికి సరిగ్గా వెనక పెట్టాలి. పక్కన పదిమంది ఉన్నా వెనక ఒక్కటి ఖాళీగా ఉంటే మేక పోయినట్టే. మూడోది, తొందరపడి పులి ముందరికి పోకూడదు. ఖాళీలు తగ్గేదాకా ఓపిక పట్టాలి. 23 స్థానాల్లో పులులు 3, మేకలు 15. ఒక్క మేక కూడా పోకుండా అన్నీ పెట్టగలిగితే మిగిలే ఖాళీలు ఐదే. ఆ ఐదు ఖాళీలను పులులకు దూరంగా జరపడమే మిగిలిన ఆట. నాలుగోది, ఒక మేక పోతే ఏడుస్తూ కూర్చోకూడదు. పోయిన చోట మిగిలిన ఖాళీని ముందు మూయాలి.

ఈ నాలుగు పాఠాలూ బాగా వచ్చినవని మేము అనుకునేవాళ్లం. అదే సంవత్సరం బడిలో ఒక సంగతి జరిగింది.

ఒక మధ్యాహ్నం తోటి ఉపాధ్యాయుని సెల్‌ఫోన్ కనపడలేదు. వెతికారు, అడిగారు. అంతలో ఒకరు, “ఏడో తరగతిలో ఎరుకలోళ్ల పిల్లోడు ఉన్నాడు గదా, వాని సంచి చూడండి ముందు” అన్నారు. అన్నవారు చెడ్డవారు కాదు. మాతో కలిసి టీ తాగేవారే. మేము ఎరుకలవాళ్లమని ఆ గదిలో అందరికీ తెలుసు. ఒక క్షణం అందరూ మా వైపు చూశారు. మేము ఏమీ అనలేదు. “మీవాడు కాబట్టి వెనకేసుకొస్తున్నారు” అంటారేమోనని భయపడ్డాం. పిల్లోణ్ణి పిలిచారు. వాడు “నేను తీయల్యా సార్” అన్నాడు. రెండోసారి కూడా అదే అన్నాడు. అన్నది మిగిలినవాళ్లతో, చూసింది మా వైపు. సంచి బోర్లించారు. రెండు నోటు పుస్తకాలు, ఒక పుస్తకం అట్ట వెనక వాడు గీసుకున్న పులిమేక గీత, ఒక పళ్లెం, ఒక గ్లాసు.

ఫోను సాయంత్రం ఆయన స్కూటర్ డిక్కీలోనే దొరికింది. అందరూ నవ్వుకుని ఇళ్లకు పోయారు. మేము కూడా పోయాం. మరుసటి రోజు నుంచి ఆ పిల్లోడు బడికి రాలేదు.

ఈ సంగతిని మేము ఒక్క ఉపాధ్యాయుని తప్పుగా రాయడం లేదు. దాని వెనక పెద్ద చరిత్ర ఉంది. మన పిల్లలకు అది పాఠంగా చెప్పేవాళ్లు తక్కువ. మా పూర్వీకుల్లో చాలామంది గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్మినవాళ్లు. ఉప్పు ఎరుకలవాళ్లని ఒక తెగ పేరే ఉంది. రైళ్లు వచ్చినాయి, ఉప్పు మీద సర్కారు పన్ను, అదుపు పెరిగినాయి, అడవి చట్టాలు వచ్చినాయి. తిరిగే వ్యాపారం పడిపోయింది. తిరిగేవాడంటేనే దొంగ అన్న అనుమానం మొదలైంది. 1871లో తెల్లదొరలు చేసిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. ఎరుకలవాళ్లను ఆ జాబితాలో చేర్చారు. వేలిముద్రలు తీసుకున్నారు, పోలీసు హాజరు పెట్టారు, స్టువర్టుపురం, సీతానగరం, కప్పరాళ్లతిప్ప వంటి సెటిల్‌మెంట్లలో కుటుంబాలను ఉంచారు. దేశమంతటా ఆ చట్టం పూర్తిగా రద్దయింది 1952లో.

కంప్యూటర్ ఆటలో సైనికుడు పుట్టగానే వాని అంకెలు వానికి ఉంటాయి. ఎవడో రాసిపెట్టినవి. ఆ చట్టం చేసింది కూడా అదే. నేరం చేయకముందే, నడక రాకముందే, పుట్టిన బిడ్డకు ఒక అంకె వేసింది. చట్టం పోయి డెబ్బై ఏళ్లు దాటినా, ఫోను కనపడకపోతే ఆ అంకె మళ్లీ పైకి వస్తుంది. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఆటలో అంకెలు మారతాయి. కమ్మరి కొలిమి కట్టి, ఖర్చు పెట్టి, కొంతకాలం ఆగితే ఈటెగాని దాడి పెరుగుతుంది. తర్వాతి మెట్టులో వాడు పైక్‌మన్ అవుతాడు. ప్రాణం 55, దాడి 4, గుర్రాల మీద అదనం 22. మొదట ఏడు దెబ్బలకు పడిన నైట్ ఇప్పుడు ఐదు దెబ్బలకే పడతాడు. ఆట తయారు చేసినవాళ్లకు తెలిసిన ఈ చిన్న సంగతి ఆ చట్టం రాసినవాళ్లకు తెలియలేదు. ఏ మనిషీ పుట్టినప్పటి అంకె దగ్గరే ఉండిపోడు. మన బడులు ఉన్నది అందుకే.

తొమ్మిదో రోజున మేము ఆ పిల్లోని ఇంటికి పోయాం. వాళ్లమ్మ గుడిసె ముందర చాట అంచు కడుతోంది. లేచి నిలబడలేదు. “ఆడ్నే ఉంటివంట గదన్నా” అని ఒక్క మాట అడిగింది. మేము సిద్ధం చేసుకుని పోయిన మాటలన్నీ పోయాయి. “ఉంటిమమ్మా. మాట్లాడకపోవడం మాదే తప్పు” అన్నాం. ఆమె ఇంకేమీ అనలేదు, తల వంచుకుని దబ్బ చుట్టుకుంటూ పోయింది. పిల్లోడు లోపలి నుంచి వచ్చి గడప మీద కూర్చున్నాడు.

ఏం మాట్లాడాలో తెలియక నేల మీద గీత గీశాం. వాడు మెల్లగా వచ్చి పులులు తీసుకున్నాడు. నాలుగు మేకలు పెట్టేసరికి ఒకదాన్ని తినేశాడు. మేము నిజంగానే చూసుకోలేదు. “దాని వెనక ఖాళీ పెట్టినారు సార్” అన్నాడు. ఆట సంగతే చెప్పాడు, ఇంకో అర్థంతో కాదు. కానీ మాకు ఆ మాట ఆట దగ్గర ఆగలేదు. ఆ రోజు స్టాఫ్ గదిలో వాడు కొసన కూడా లేడు, నట్టనడుమ ఉన్నాడు. వాని వెనక ఉండాల్సినవాళ్లం మేమే. మేము అక్కడ లేకుండా పక్కకు జరిగాం. జేజి చెప్పిన రెండో పాఠం మాకు నోటికి వచ్చు, చేతికి రాలేదు.

ఆట అయినాక వాడు ఒక ప్రశ్న అడిగాడు. “మేకకు కూడా కొట్టే బలం ఎందుకు ఇయ్యల్యా సార్?” మేము ఆలోచించి, అట్లా ఇస్తే అది వేరే ఆట అవుతుందని చెప్పాం. వానికి ఆ జవాబు నచ్చలేదు. మాకూ నచ్చలేదు.

మరుసటి దినం బడిలో అందరూ ఉన్నప్పుడే మేము లేచి చెప్పాం. ఇకమీద ఏదైనా వస్తువు పోతే సంచులు వెతకాల్సి వస్తే మొదట మా సంచి, తర్వాత మిగిలిన ఉపాధ్యాయులవి, తర్వాత పిల్లలందరివి వరసగా వెతకాలి, లేకపోతే ఎవరిదీ వెతకకూడదు అన్నాం. గొంతు వణికింది. ఒకరిద్దరు మొహం తిప్పుకున్నారు. ప్రధానోపాధ్యాయులు సరేనన్నారు. ఫోను పోగొట్టుకున్నాయన ఆ సాయంత్రమే మాతో కలిసి ఎరుకల వీధికి వచ్చి, పిల్లోని ముందు, వాళ్లమ్మ ముందు “తప్పయిపోయింది” అన్నాడు. సోమవారం పిల్లోడు బడికి వచ్చాడు.

ఆ ఏడే పిల్లలను గండికోటకు తీసుకుపోయాం. జమ్మలమడుగు నుంచి దగ్గరే. ఒక పక్క పెన్నా నది ఎర్రమల కొండలను కోసుకుంటూ పోయిన లోయ. ఆ పక్క నుంచి ఎవరూ ఎక్కి రాలేరు. పులిమేక భాషలో చెబితే కోట గీత కొసలో ఉంది. పెమ్మసాని నాయకులు అంతకాలం నిలబడడానికి అది ఒక కారణం. 1652లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కూడా కొండ మీది ఈ కోట ఎంత గట్టిదో రాశాడు. అప్పటికే గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దాన్ని పట్టుకున్నాడు. ఆయన దగ్గర ఫిరంగులు, వాటిని పోతపోసి వాడడం తెలిసిన ఐరోపావాళ్లు ఉన్నారు. స్థానం ఎంత గట్టిదైనా ఎదుటివాడు కొత్త ఆయుధం నేర్చుకుంటే అదొక్కటే చాలదని పిల్లలకు చెప్పాం. కోటలోని పెద్ద ధాన్యాగారం చూపించి, ఇది లేకపోతే ఫిరంగి ఉన్నా రాజు నెల కూడా నిలబడడని కూడా చెప్పాం.

ధాన్యం మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. కంప్యూటర్ ఆటలో గ్రామస్థుడని ఒకడుంటాడు. ప్రాణం 25, దాడి 3. అందరికంటే బలహీనుడు. కానీ పంట, కట్టెలు, రాళ్లు, బంగారం, ఇల్లు, కోట అన్నీ వాని చేతి మీదుగానే రావాలి. గ్రామస్థులు పోతే రాజ్యం పోయినట్టే. నిజం యుద్ధాల్లో కూడా అంతే. 1790ల్లో టిప్పు సుల్తాన్ మీదికి పోయిన కంపెనీ సైన్యాలకు ధాన్యం అందించినవాళ్లలో ముఖ్యులు మన సుగాలీ సోదరుల పూర్వీకులైన బంజారాలు. వాళ్ల ఎద్దుల గుంపులు రాకపోతే ఆ సైన్యాలు కదిలేవి కావు. చరిత్ర పుస్తకంలో సేనాపతుల పేర్లున్నాయి, ఎద్దులు తోలినవాళ్ల పేర్లు లేవు.

తక్కువ బలంతో, తెలిసిన స్థానంతో పోరాడినవాళ్ల పాఠం మనకు మన్యంలో ఉంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు, గాం గంటం దొర, గాం మల్లు దొర వంటివారు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లను వరసగా పట్టుకుని తుపాకులు తీసుకుపోయారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో దారికి పైన పొంచి ఉండి, వస్తున్న దళంలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను కొట్టారు. ముందు నడుస్తున్న భారతీయ పోలీసులను పోనిచ్చారని చెప్పుకుంటారు. తుపాకుల లెక్క వేస్తే వాళ్లు నిలబడవలసింది కాదు. కొండ దారి వాళ్లకు తెలుసు, ప్రతి పల్లె వాళ్ల వెనక ఉంది. 1924 మే దాకా సర్కారుకు నిద్ర లేదు. చివరికి ఓడిపోయారు, అది కూడా పిల్లలకు చెప్పాలి. వెనక ఉన్న పల్లెలను ఒక్కొక్కటిగా బెదిరించి, పన్నులు వేసి, దూరం చేశాక ఆ పోరాటం బలహీనపడింది.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. బడిలో పులిమేక గీతను వరండా నేల మీద రంగుతో శాశ్వతంగా వేయించండి. పెద్ద ఖర్చు లేదు. గింజలు, రాళ్లు పిల్లలే తెస్తారు. లెక్కల గంటలో స్థానాలు లెక్కపెట్టించండి, దూకలేని కొసలు ఏడు ఎక్కడెక్కడ ఉన్నాయో వాళ్లచేతనే కనిపెట్టించండి. ప్రతి పిల్లనూ, పిల్లోణ్ణీ ఒకసారి పులిగా, ఒకసారి మేకగా ఆడించండి. ఎప్పుడూ పులిగానే ఆడే పిల్లలు కొందరుంటారు, మీరు గమనించండి. వాళ్లను మేకల పక్క కూర్చోబెట్టడం కొంచెం కష్టం, కానీ అవసరం. సెల్‌ఫోన్‌లో యుద్ధం ఆటలు ఆడే పిల్లలను తిట్టకుండా, ఆ అంకెలు పలక మీదికి తెమ్మనండి.

మన యువకులకు చెప్పేది కూడా ఆటలోదే. మీ మీద ఎవరో వేసిన అంకె మీకు తెలిసే ఉంటుంది. దాన్ని మార్చుకోవడానికి చదవండి, నేర్చుకోండి. అది మారేలోగా ఒంటరిగా నడుమకు పోకండి. మీ పక్కవాడు నడుమకు పోతే, పులి ఏ పక్క నుంచి వస్తోందో చూసి వాని వెనక నిలబడండి. మేము ఒకసారి నిలబడలేదు. దాని ఖరీదు ఒక పిల్లోని తొమ్మిది రోజుల చదువు. అంతకంటే ఎక్కువ కూడా అయ్యుండేది.

ఆ పిల్లోడు ఇప్పుడు జమ్మలమడుగులో పదో తరగతి. మొన్న సంక్రాంతికి మా ఇంటికి వచ్చాడు. మేనల్లుడు కూడా ఉన్నాడు. ఇద్దరూ కంప్యూటర్ ముందు రెండు గంటలు కూర్చున్నారు. తర్వాత కరెంటు పోయింది. అరుగు మీద బొగ్గుతో గీత గీసుకున్నారు. మేనల్లుడు పులులు తీసుకున్నాడు, వాడు మేకలు. చీకటి పడేదాకా ఆడారు. ఒక్క మేక పోకుండా మూడు పులులనూ కట్టేశాడు. మేనల్లుడు ఇంకో ఆట వేద్దామన్నాడు. ఈసారి మేకలు తనకు ఇమ్మన్నాడు.